పొణికి పలక

విశాఖపట్నం
4-2-1962

బావకు రంగప్ప నమస్కారాలు.

నా ఒంట్లో బాగుంది. మెస్సులో పెట్టే సాంబారు మాత్రం మన ఊళ్లో ఎద్దులకు పెట్టే కుడితి కంటే పలచన. సంగటి ముద్ద కలలోకి వస్తోంది. ఎప్పుడూ రాసే కార్డు వదిలి ఈసారి కవరు ఎందుకు కొన్నానో నీకు ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. ఈ ఉత్తరం అక్క ముందు చదవొద్దు.

పోయిన నెల మా యార్డుకు ఆస్ట్రేలియా ఓడ ఒకటి మరమ్మతుకు వచ్చింది. అందులో పనిచేసే ఒకాయన దగ్గర ఆరు మూరల పొడవున్న పలక ఉంది. ఆదివారం దాన్ని నెత్తిన పెట్టుకొని లాసన్స్ బే ఒడ్డుకు వెళ్లాడు. పలక మీద బోర్లా పడుకొని, చేతులతో నీళ్లు తోసుకుంటూ లోపలికి పోయాడు. వెనక నుంచి అల లేచింది. అది తనను ఎత్తుకోగానే మనిషి లేచి నిలబడ్డాడు బావా! తెడ్డు లేదు, తెరచాప లేదు. అల అతన్ని ఒడ్డు దాకా తెచ్చి దింపింది.

మా అన్న తిమ్మప్పను చిత్రావతి ఏరు ఎత్తుకుపోయిన నాటి నుంచి నేను మోకాటి లోతు దాటి నీళ్లలో దిగలేదని నీకు తెలుసు. ఓడలు కట్టే చోట పనిచేస్తూ సముద్రంలో కాలు పెట్టని వడ్రంగిని నేనొక్కణ్ణే. తోటివాళ్లు నవ్వుతారు. ఆ రోజు ఆ మనిషి నన్ను పలక మీద పడుకోబెట్టి, నడుము లోతు నీళ్లలో ఒక్క తోపు తోశాడు. నేను పలకను రెండు చేతులా కరుచుకుని కళ్లు మూసుకున్నాను. ఒడ్డు చేరాక మాత్రం మళ్లీ వెళ్దామనిపించింది. నీళ్లను చూసి మళ్లీ వెళ్దామనిపించడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

ఓడ వెళ్లిపోయింది, పలకా వెళ్లిపోయింది. ఇక్కడ దొరికేవి టేకు, మద్ది. వాటితో చేస్తే లంగరు అవుతుంది. మన పెనుకొండ కొండ మీద పొణికి ఉంది కదా! జాతరకు నువ్వు ఆ కర్రతో చేసే గుర్రం తలను మేం ఒంటి చేత్తో ఎత్తేవాళ్లం. మెత్తటి కర్ర మీద నీకున్న చెయ్యి నాకు లేదు. నాకొక పలక చేసి పంపు బావా. అక్కకు మాత్రం చెప్పొద్దు.

నీ బావమరిది
రంగప్ప

పెనుకొండ
20-2-1962

చిరంజీవి రంగప్పకు,

నీ కవరు అందింది. పొయ్యి దగ్గర మీ అక్క కూర్చుని ఉంటే, నేను పశువుల కొట్టంలోకి పోయి చదువుకున్నాను. పెళ్లయిన పదహారేళ్లకు బావమరిది ఉత్తరాన్ని దొంగ సరుకులా చదివే గతి పట్టించావు. వర్ధిల్లు నాయనా.

ఎద్దులు లేకుండా సవారీ చేయాలని నీకు బుద్ధి పుట్టింది. కాదనను. కానీ నాకు కొన్ని సంగతులు తెలియాలి. అల ఎద్దు నడక నడుస్తుందా, పరుగు తీస్తుందా? మీదికి వచ్చేటప్పుడు గట్టులా నిటారుగా ఉంటుందా, వాలుగా ఉంటుందా? నేను సముద్రాన్ని క్యాలెండరులో తప్ప చూడలేదు.

అయినా నువ్వు చెప్పే వస్తువు నాకు కొత్తదేమీ కాదు. మడి దున్నాక ఎద్దుల వెనక కట్టి, మనిషి పైన నిలబడి తోలే చదును పలక ఉందే, అదే ఇది. అట్లాంటివి ఈ చేతులతో ఎన్నో చేశాను. బురద నీళ్లలో దాని మీద నిలబడి తోలాను కూడా. మనిషి బరువు ముందుకు పడాలి, ముందంచు నీళ్లను కొరకాలి. అప్పుడే పలక ఎగరదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

మీ అక్క సంగతే నా భయం. మీ నాయనా అమ్మా పోయాక నిన్ను పెంచింది ఆమె. తిమ్మప్ప పోయాక ఆమెకు పుట్టింటి మనిషివి నువ్వొక్కడివే. ధర్మవరం పోవాలంటే స్టేషనుకు నడిచి రైలెక్కుతుంది గానీ, బండి దారిన ఆ చిత్రావతి దాటదు. నువ్వు సముద్రంలో దిగుతున్నావని తెలిస్తే ముందు నన్ను నరుకుతుంది, తర్వాత నీ కోసం రైలెక్కుతుంది. అడిగితే చదును పలక అని చెబుతాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

పొణికి కొట్టించాను. ఆరాలి. తొందరపెట్టొద్దు.

ఆశీస్సులతో
ఓబుళప్ప

విశాఖపట్నం
11-3-1962

బావకు నమస్కారాలు.

నీకు దణ్ణం పెడతాను, చదును పలక మాత్రం చేయకు. అది మట్టిని తోయాలి. నాది నీళ్లను తోయకూడదు, నీళ్ల మీద జారాలి. రెండింటికీ పొత్తు లేదు.

అల దూరంలో ఎద్దు నడకే. ఒడ్డుకు దగ్గరపడే కొద్దీ పరుగు అందుకుంటుంది, నిటారుగా లేస్తుంది, ముందుకు విరిగి పడుతుంది. విరగక ముందే పలక దాని వాలులో పడాలి. పలక పొడవుగా ఉంటే అలను తొందరగా అందుకుంటుంది, కానీ తిప్పాలంటే తిరగదు. వెడల్పు ఉంటే నిలబడటానికి ధైర్యం, కానీ నీళ్లు దాన్ని పట్టుకొని వెనక్కి లాగుతాయి. ఇదంతా ఆ ఓడ మనిషి చేతులు ఊపుతూ చెప్పిందే. నాకు అర్థమైంది సగం.

ఇంకొకటి. వజ్రం జిగురుతో అతికించకు. ఉప్పు నీళ్లలో అది పాయసం అవుతుంది. సీలలు కొట్టు.

రంగప్ప

పెనుకొండ
30-4-1962

చిరంజీవి రంగప్పకు,

పలక పెనుకొండ స్టేషనులో బుక్ చేశాను. గోనెపట్టా చుట్టి, తాళ్లతో కట్టి, నీ పేరు రెండు వైపులా రాశాను. పార్సిలు గుమాస్తా చుట్టూ తిరిగి చూసి, "ఏమప్పా, ఇది యా దేవుని వాహనం?" అన్నాడు. విశాఖపట్నం దేవుడిది అన్నాను.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. సగం విన్నాను, సగం వినలేదు. నీళ్లలో పడేది నువ్వు, మాట పడేది నేను. కాబట్టి వెడల్పు తగ్గించలేదు. రెండు జానల పైన మూడు వేళ్లు ఎక్కువే పెట్టాను. నాలుగు వేళ్ల మందం ఉంచాను, తేలుతుంది. అంచులు గుండ్రంగా చిత్రిక పట్టాను, పక్కటెముకలకు తగిలినా నొప్పి ఉండదు. ముందు భాగం మాత్రం నా లెక్క ప్రకారమే, కొంచెం కిందికి వంచాను. నిలబడి తోలిన వాణ్ణి నేను, నాకు తెలుసు. గుగ్గిలం కాచి నూనెతో రెండు పూతలు పూశాను.

ఇక ఇంటి సంగతి. పలక చేస్తుంటే మీ అక్క వచ్చి చూసింది. చదును పలక, రంగప్పకు అన్నాను. అంతే. ఆమె మొహం వెలిగిపోయింది. నా నోట మాట రాక ముందే మూడిళ్లకు వెళ్లి వచ్చింది. కింద ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నేను అడ్డం పడితే పలక ఆగిపోతుందని నోరు మూసుకున్నాను.

"రంగా, నాకు చెప్పకుండా మాగాణి కొంటివంట్రా? నీళ్లు పారే నేల! మీ అన్న ఉండింటే ఎంత సంబరపడునో. ఎన్నెకరాలు? ఆడ బాయి నీళ్లా, కాలవ నీళ్లా? మడి కాడ ఒంటిగా ఉండొద్దు, పాములుంటాయి. పలక మీద నిలబడేటప్పుడు ఎద్దుల తోక పట్టుకోని నిలబడు. – మారక్క"

ఓబుళప్ప

విశాఖపట్నం
17-6-1962

బావకు,

నమస్కారం పెట్టాలా వద్దా అని ఆలోచించి పెడుతున్నాను.

నాకు మాగాణి లేదు. ఒక సెంటు లేదు. నాకు ఉన్నది మెస్సులో ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె. ఇప్పుడు మంచం కింద పట్టని ఒక పలక. వెంటనే అక్కకు ఏదో ఒకటి చెప్పి ఆ మాట వెనక్కి తీసుకో.

ఇక నీ పలక. మొదటి అలలోనే దాని ముక్కు నేరుగా ఇసుకలోకి దిగింది. వెనక భాగం ఆకాశంలోకి లేచింది. నేను దాని మీదుగా ఎగిరి, నోటి నిండా ఇసుకతో లేచాను. రెండో అలలోనూ అంతే. మూడోసారి ఒడ్డున వల బాగు చేసుకుంటున్న జాలరి పెద్దాయన లేచి వచ్చి, వరి నాటు పెడుతున్నావా అని అడిగాడు. ముందంచు నీళ్లను కొరకాలన్నావు కదా! కొరికింది బావా, గట్టిగానే కొరికింది.

అయితే ఒక మాట చెప్పాలి. అల విరిగాక ఒడ్డు దగ్గర వచ్చే నురగలో మాత్రం అది భలే నెమ్మదిగా, నిలకడగా వస్తుంది. బోల్తా పడదు. జాలరిపేట పిల్లలు నలుగురు ఒకేసారి ఎక్కి కూర్చుంటున్నారు. నేను నడుము లోతు నుంచి రొమ్ము లోతుకు వెళ్లాను. పలక పట్టుకుని ఉంటే కాలి కింద నేల లేకపోయినా గుండె ఆగలేదు. ఈ మాట రాస్తుంటే నాకే నమ్మకం కలగడం లేదు.

దాని ముక్కు ఎత్తి ఇంకొకటి చేస్తావా? ఈసారి సన్నంగా ఉండాలి.

రంగప్ప

ధర్మవరం
29-7-1962

రంగప్పా,

మగ్గాల పని మీద పది రోజులుగా ధర్మవరంలో ఉన్నాను. నీ ఉత్తరాన్ని పెనుకొండ నుంచి వచ్చిన మనిషి తెచ్చి ఇచ్చాడు. నాటు పెడుతున్నావా అన్న పెద్దాయనకు నా తరఫున ఒక బీడీ కట్ట కొనివ్వు. నిన్ను చూసి నవ్వాల్సింది నేను. కానీ తప్పు నాది కాబట్టి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

నీ పలక ఎందుకు గుచ్చుకుందో నాకు ఈ ఊళ్లోనే అర్థమైంది. నేతగాని పక్కన కూర్చుని మగ్గం సరిచేస్తూ నాడెను చూస్తూ ఉండిపోయాను. దారాల మధ్య అటూ ఇటూ ఉరుకుతుంది కదా, ఒక్క దారం తెంపదు. తీసి చేత్తో తడిమి చూశాను. కొనలు రెండూ కోసుగా ఉన్నాయి, కొంచెం పైకి లేచి ఉన్నాయి. కడుపు చదును. నేతగాడు నవ్వి, "ముక్కు వంగిన నాడెను ఎవురన్నా చేస్తారా ఓబుళప్పా?" అన్నాడు. చేశానప్పా, ఆరు మూరల పొడవున చేసి రైలెక్కించాను అని చెప్పలేకపోయాను.

మరీ ఎత్తితే ముక్కు నీళ్లను తోస్తూ ఆగిపోతుంది. ఎత్తకపోతే గుచ్చుకుంటుంది. మధ్యలో ఎక్కడో నిలపాలి. వెడల్పు నాలుగు వేళ్లు కోస్తున్నాను, నీ ధైర్యం ఆ మేరకు పెంచుకో. వెనక అంచులు కొంచెం పదునుగా పెడతాను, నీళ్లు వాటిని అంటిపెట్టుకోకుండా విడిచిపెట్టాలి. అడుగున తోక దగ్గర మడక కర్రు అంత చిన్న రెక్క ఒకటి బిగిస్తాను. లోతుగా పెడితే నేరుగా పోతుంది గానీ తిరగదు. కాబట్టి బెత్తెడు మించి పెట్టను. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతోందిరా. అన్నీ ఉన్న పలక చేయడం నా వల్ల కాదు. నీకు ఏది కావాలో, ఏది వదులుకుంటావో చెప్పు.

ఇప్పుడు అసలు కష్టం. మాగాణి మాట హిందూపురం దాకా పాకింది. అక్కడ తలుపుల కార్ఖానా పెట్టిన రామాంజనేయులు లేడూ, ఆయన కూతురు యశోదను నీకిస్తామని కబురు పెట్టాడు. పిల్ల లక్షణంగా ఉంది, ఎనిమిదో తరగతి చదివింది. ఆయనకు నీ ఉద్యోగం కంటే నీ మాగాణి మీదే మక్కువ. మీ అక్క రోజూ ఆ మడికి రెండు పంటలు పండిస్తోంది. నిజం చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఆమె నా నోట్లో వక్క పెట్టింది.

పలక పూర్తి కాగానే ఇక్కడి నుంచే పంపుతాను. నిజం కూడా చెబుతాను. ముందు పలక.

ఓబుళప్ప

విశాఖపట్నం
23-9-1962

బావా, బావా,

నిలబడ్డాను!

ఈ వాక్యం రాయడానికి, ఫోటో కడిగి వచ్చే దాకా వారం రోజులు ఆగాను. పలక వచ్చినప్పుడు దాన్ని చూసి భయపడ్డాను. సన్నగా, నునుపుగా ఉంది, మీద కూర్చుంటేనే అటూ ఇటూ ఊగింది. రెండు ఆదివారాలు పడ్డాను. ఉప్పు నీళ్లు తాగి కడుపు ఉబ్బింది. పోయిన ఆదివారం పొద్దున అల నన్ను ఎత్తుకుంది, ముక్కు గుచ్చుకోలేదు, తోక పట్టు తప్పలేదు. మోకాళ్ల మీద లేచాను, తర్వాత పాదాల మీద. కింద నీళ్లు పరుగెత్తుతున్నాయి, నేను వాటి మీద ఉన్నాను. తిమ్మన్న గుర్తొచ్చి గట్టిగా అరిచాను. ఒడ్డున ఉన్నవాళ్లు సంతోషంతో అరిచాననుకున్నారు. అదీ ఉంది, ఇదీ ఉంది.

యార్డులో నాతో పనిచేసే ఒకాయన దగ్గర కెమెరా ఉంది. అతను తీసిన ఫోటో ఇందులో పెట్టాను. నీ పని నువ్వు చూసుకోవాలి కదా! పలక కనబడదు, నీళ్లు కప్పేశాయి. నేను మాత్రం అల మధ్యలో చేతులు చాపి నిలబడి ఉన్నాను.

యశోద వాళ్లకు వెంటనే నిజం చెప్పించు. లేని నేలను చూపించి పిల్లను తెచ్చుకోను. అక్కకు కూడా చెప్పు బావా. దాచమన్నది నేనే. ఇప్పుడు చెప్పమంటున్నదీ నేనే. ఆమెకు తెలియకుండా ఇంత సంతోషపడటం నాకు బాగాలేదు.

రంగప్ప

పెనుకొండ
14-10-1962

రంగప్పా,

నీ కవరు వచ్చిన రోజు నేను ధర్మవరంలోనే ఉన్నాను. మీ అక్క విప్పింది. ఆమెకు అక్షరాలు రావు, చదవలేదు. ఫోటో చూడటానికి అక్షరాలు అక్కర్లేదు కదా.

ఆ పూట హిందూపురం రామాంజనేయులు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడట. మాగాణిలో దిగిన ఫోటో అనుకుని మీ అక్క ఆయన ముందే బయటికి తీసింది. చూసింది. పలక కనబడదన్నావు. ఆమెకు కనబడింది నడిసముద్రంలో మొలలోతున చేతులు చాచిన తమ్ముడు. నువ్వు మునుగుతున్నావనుకుంది. ఒక్క కేక పెట్టి అక్కడే కూలబడిపోయింది. రామాంజనేయులు కవరులోని ఉత్తరం తీసి చదివి వినిపించాడు. దాంతో నువ్వు బతికే ఉన్నావన్న మాటా, మాగాణి లేదన్న మాటా, నేను దాచిన మాటా ఒకేసారి బయటపడ్డాయి. ఆయన మజ్జిగ చెంబు కింద పెట్టి హిందూపురం బస్సెక్కాడు.

నేను ఇంటికి వచ్చేసరికి మీ అక్క ఏడవడం లేదు. అదే చూసి నాకు భయం వేసింది. ఒక్కటే అడిగింది.

"నా తమ్ముణ్ణి నీళ్లలో దింపే పలక నువ్వే చేస్తివా?"

అవునన్నాను.

"ఒగన్ని ఏరు తినె. ఇంగొగన్ని సముద్రానికి నువ్వు చేత్తో అందిస్తివి."

అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం పెడుతుంది, ఎదురుగా కూర్చోదు. పదహారేళ్లలో మేం కొట్టుకున్నాం, తిట్టుకున్నాం, గిన్నెలు విసురుకున్నాం. మాట్లాడకపోవడం ఇదే మొదలు. నా చేతులు పని మీదికి పోవడం లేదురా.

పొరుగింటి లక్ష్మీనరసమ్మ వాళ్లు సింహాచలం మొక్కు తీర్చుకోవడానికి వచ్చే నెల బయల్దేరుతున్నారు. మీ అక్క వాళ్లతో వస్తోంది. నన్ను రావద్దంది. ఆ మాట కూడా లక్ష్మీనరసమ్మతో చెప్పి పంపింది. ఆమె ఏం చేసినా ఎదురు చెప్పకు.

ఓబుళప్ప

విశాఖపట్నం
2-12-1962

బావకు నమస్కారాలు.

అక్క క్షేమంగా చేరింది. ముందు ఒక సంగతి అడుగుతాను. నీ చిన్న గొడ్డలి కనబడక వెతుక్కుంటున్నావా? అది అక్క సంచిలో, చీరల మధ్య ఉంది.

స్టేషనులో దిగగానే నా మొహం రెండు చేతులతో పట్టుకుని చూసింది. చెంప మీద ఒకటి కొట్టింది. తర్వాత, "ఆ పలక యాడ?" అంది. సింహాచలం కంటే ముందు లాసన్స్ బేకు తీసుకెళ్లాల్సి వచ్చింది. పలకలు రెండూ జాలరి పెద్దాయన పాకలో ఉంటాయి.

నాడె పలక ఇసుకలో పెట్టాను. అక్క గొడ్డలి తీసింది. నువ్వు ఎదురు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. నీ పనితనం పోతోందని కళ్లు మూసుకున్నాను బావా, నిజం. దెబ్బ చప్పుడు వినబడలేదు. కళ్లు తెరిస్తే అక్క నీళ్ల వైపు చూస్తూ నిలబడి ఉంది.

అక్కడ పేట పిల్లలు నీ మొదటి పలకతో ఆడుకుంటున్నారు. అల కొట్టి నలుగురూ పడిపోయారు. ముగ్గురు ఈదుకొచ్చారు. నాలుగో పిల్ల చిన్నది, ఈత రానట్టుంది. అక్క కెవ్వుమంది. ఆ పిల్ల పలక అంచు పట్టుకుంది. పలక మునగలేదు, తిరగబడలేదు. నురగ దాన్ని తోసుకుంటూ వచ్చి, పిల్లతో సహా అక్క కాళ్ల దగ్గర పెట్టింది. ఆ పిల్ల లేచి నవ్వుతూ మళ్లీ నీళ్లలోకి పరుగెత్తింది.

అక్క గొడ్డలి వదిలేసి ఆ పలక పక్కన కూర్చుంది. దాని అంచు మీద చెయ్యి వేసి, నువ్వు గుండ్రంగా చిత్రిక పట్టిన చోట అటూ ఇటూ తడిమింది. నా వైపు తిరిగి అడిగింది.

"రంగా, ఆ పొద్దు ఏట్లో ఇట్లాంటిదొకటి మన తిమ్మని చేతికి తగిలింటే?"

"గడ్డ చేరిండునక్కా" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. అన్న శవం దొరికిన రోజు కూడా అట్లా ఏడవలేదు. అందరికీ వంట చేయాలి, నన్ను పట్టుకోవాలి అని ఆ రోజు తిరుగుతూనే ఉంది. ఇప్పుడు నేను పట్టుకున్నాను. జాలరి పెద్దాయన భార్య వచ్చి ఏమీ అడగకుండా నీళ్ల చెంబు పక్కన పెట్టి వెళ్లింది.

మరునాడు తనే ఒడ్డుకు పోదామంది. నేను నాడె పలక మీద నిలబడి వస్తుంటే చూసింది. పక్కనే కూర్చున్న లక్ష్మీనరసమ్మ చెయ్యి నలిపేసిందట. ఒడ్డుకు వచ్చాక, "సాల్లే, చూస్తి. ఇంగ నాకు చెప్పకుండా మాత్రం ఏదీ చేయొద్దు. మునిగినా చెప్పి మునుగు" అంది. తర్వాత నీ పెద్ద పలక పట్టుకుని పాదాలు తడిసే దాకా నడిచింది. అల వస్తే గిర్రున వెనక్కి తిరిగి పరుగెత్తింది. నవ్వింది బావా.

నీకు ఆమె పంపిన కబురు ఇది. "సన్నదాన్ని చూసి మురిసిపోవద్దని చెప్పు. ఆ లావుదే మంచిది. అట్లాంటిది ఇంకొకటి చేయమను, చిత్రావతి రేవుకు. నిలబడేది గాదు, పట్టుకునేది." నీతో మాట్లాడటం మొదలుపెట్టిందని నాకు అనిపిస్తోంది. గొడ్డలి ఆమెతోనే తిరిగి పంపుతున్నాను.

రంగప్ప

పెనుకొండ
8-9-1963

చిరంజీవి రంగప్పకు,

ఇన్నాళ్లు ఉత్తరం రాయలేదని అలిగావట. కర్ర ఆరడానికి పట్టే కాలం నీకు ఇప్పటికీ తెలియదు.

మూడో పలక పూర్తయింది. ఈసారి నాకు యజమానురాలు పక్కనే కూర్చుంది, కాబట్టి నా తెలివి ఎక్కడా చూపించలేదు. ముక్కు ఎత్తాలా అంటే వద్దంది, ఇది ఎక్కడికీ ఉరకనక్కర్లేదు. రెక్క పెట్టాలా అంటే, "వానికి ఎట్ల దొరికితే అట్ల పట్టుకోవాల, ముందూ ఎనకా చూసుకునే యాళ ఉంటాదా?" అంది. వెడల్పు ఇంకా పెంచాం, మందం పెంచాం. చుట్టూ తాడు బిగించి చేతులు దూర్చేందుకు ఉచ్చులు వదిలాను. అంచులు గుండ్రంగా, నీకు మొదట చేసినట్టే. నువ్వు ఇసుక తిన్న ఆ పలక కొలతలే ఇప్పుడు నాకు పనికొచ్చాయి. వేగం అడగని మనిషికి పలక చేయడం ఎంత సులువో!

తిమ్మప్ప పేరు చెక్కుతానన్నాను. మీ అక్క ఒప్పుకోలేదు. "పేరుంటే వానిదనుకుంటారు. పేరు లేకుంటే ఎవురి చేతికైనా తగులుతాది" అంది.

హిందూపురం రామాంజనేయులు మళ్లీ కబురు పెట్టాడు. ఆ ఫోటో ఆయన జేబులో పెట్టుకుపోయాడని ఇప్పుడు తెలిసింది. యశోద దాన్ని చూసి, నీళ్ల మీద నిలబడినోడు నేల మీద నిలబడలేడా అందట. ఈసారి నేను మొదటే చెప్పాను: మాగాణి లేదు, పలక ఉంది. వచ్చే నెల సెలవు పెట్టుకుని రా.

నిన్న పలకను ధర్మవరం తీసుకెళ్లాం. ఏటికి కొత్త నీళ్లు వచ్చాయి, ఎర్రగా, ఉరవడిగా. రేవు దగ్గర మట్టి గోడకు పెద్ద మేకు కొట్టి, అందరికీ కనబడేట్టు దాన్ని తగిలించాను. నేను పోదామన్నాను. మీ అక్క దాన్ని దింపమంది. పలకకు పొడుగు తాడు ముడేసి, దాని కొన నా నడుముకు కట్టి, చీర చెక్కుకుని, పలక పట్టుకుని నీళ్లలో దిగింది. మోకాటి లోతు దాకా పోయింది. నేను గట్టున తాడు పట్టుకుని దేవుళ్లందరినీ పిలిచాను. పలకను రొమ్ముతో నొక్కి చూసింది, మునగలేదు. అక్కడే కాసేపు నిలబడింది. ఏటితో ఏదో మాట్లాడింది. నాకు వినబడలేదు, అడగలేదు.

పలకను మళ్లీ గోడకు తగిలించి వచ్చింది. ఎవరూ వాడకుండానే అది అక్కడ పాతబడిపోవాలని ఆమె కోరిక. నా చేతి పని మీద నాకు అట్లాంటి కోరిక పుట్టడం ఇదే మొదలు.

పొద్దు వాలుతోంది, రైలుకు టైమవుతోంది అన్నాను. మీ అక్క తడి కుచ్చిళ్లు పిండుకుంటూ నా వైపు చూసింది.

"రైలెందుకు? ఏరు దాటితే బండి దారే దగ్గర గదా" అంది.

మీ బావ
ఓబుళప్ప